ఏడుసార్లు మారథాన్ గెలిచిన అచ్చాఫీసు కంపోజిటర్

పాతబస్తీ: పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని పెద్దలు చెబుతారు. ఈ రెండు పనులూ జీవితమంతా చేసిన వ్యక్తి ఒకరున్నారు. పొట్ట గడవడానికి ఆయన అచ్చాఫీసులో టైపు కేసుల ముందు నిలబడ్డారు. మనసుకు నచ్చి రోడ్ల మీద పరుగెత్తారు. ఆ పరుగులో ఆయనకు పాలు దక్కలేదు. అంటే డబ్బు రాలేదు. కాని అమెరికాలోని బోస్టన్ నగరంలో ఏటా జరిగే మారథాన్ పరుగు పందెంలో ఏడుసార్లు మొదటి స్థానం ఆయనదే అయింది. ఆయన పేరు క్లారెన్స్ డిమార్. వృత్తి కంపోజిటర్.

కంపోజిటర్ పని ఎటువంటిదో ఛత్తాబజార్ వాసులకు వేరే చెప్పనవసరం లేదు. పెళ్ళి శుభలేఖలకు, కరపత్రాలకు, బిల్లు పుస్తకాలకు పేరుపడ్డ ఈ వీధిలో ఒకప్పుడు సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, స్టిక్కులో పేర్చి, ఫారం కట్టి మిషను ఎక్కించేవారు. కళ్ళకు శ్రమ, కాళ్ళకు శ్రమ. పొద్దుటినుంచి నిలబడిన మనిషి సాయంత్రానికి ఇల్లు చేరి నడుం వాల్చాలనుకుంటాడు. డిమార్ మాత్రం పని ముగించుకుని ఇంటికి పరుగెత్తుకుంటూ వెళ్ళేవారు. పొద్దున పనికి వచ్చేటప్పుడు కూడా అంతే. మార్చుకోవడానికి ఉతికిన చొక్కా ఒకటి చేతపట్టుకుని బయలుదేరేవారు. ఆయనకు వేరే మైదానం లేదు, శిక్షకుడు లేడు. ఇంటికీ అచ్చాఫీసుకూ మధ్య ఉన్న రోడ్డే ఆయన అభ్యాసస్థలం.

హైదరాబాదు నగరంలో కూడా 2011 నుంచి మారథాన్ నిర్వహిస్తున్నారు. ఆగస్టు మాసంలో తెల్లవారక ముందే వేలాదిమంది హుస్సేన్ సాగర్ ఒడ్డు నుంచి గచ్చిబౌలి వైపు పరుగు తీస్తారు. మారథాన్ దూరం 42 కిలోమీటర్ల 195 మీటర్లు. పాతబస్తీ లెక్కలో చెప్పాలంటే చార్మినార్ నుంచి గోల్కొండ కోటకు వెళ్ళి తిరిగి రావడం, మళ్ళీ వెళ్ళి తిరిగి రావడం. దాదాపు అంత దూరం. అది కూడా ఆగకుండా.

ఇటువంటి నగర మారథాన్లకు పెద్దన్న బోస్టన్ పందెం. 1896లో గ్రీసు దేశంలోని ఏథెన్సులో తొలి ఆధునిక ఒలింపిక్స్ జరిగినప్పుడు మారథాన్ పరుగును మొదటిసారి పెట్టారు. నీళ్ళు మోసే వృత్తిలో ఉన్న స్పిరిడాన్ లూయిస్ అనే గ్రీకు యువకుడు అందులో గెలిచాడు. దాన్ని చూసి వచ్చిన బోస్టన్ వారు మరుసటి ఏడాదే, 1897 ఏప్రిల్ 19న తమ నగరంలో పందెం ప్రారంభించారు. అప్పటి నుంచి సాధారణంగా ఏప్రిల్ మాసంలో అది జరుగుతూ వస్తున్నది. ప్రపంచంలో ఏటేటా జరిగే మారథాన్లలో ఇదే అన్నిటికంటె పాతది.

సూదులు, దారాలు అమ్మిన బాల్యం

క్లారెన్స్ డిమార్ 1888 జూన్ 7న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో మదీరా అనే ఊరిలో జన్మించారు. ఎనిమిదేళ్ళ వయస్సులో తండ్రి పోయారు. ఇంటినిండా పిల్లలు. తల్లికి ఆసరాగా ఆ పసివాడు సూదులు, గుండుసూదులు, దారపు ఉండలు పట్టుకుని చుట్టుపక్కల ఇళ్ళకు తిరిగి అమ్మేవాడు. పత్తర్ గట్టీలోను, లాడ్ బజార్లోను తట్ట నెత్తిన పెట్టుకుని తిరిగే పిల్లలను చూసినవారికి ఆ జీవితం ఊహించుకోవడం కష్టం కాదు. ఒక ఇంటికీ మరొక ఇంటికీ మధ్య దూరం ఎక్కువ. నడక తప్పదు. ఆయన కాళ్ళకు మొదటి పాఠం అక్కడే మొదలైందని చెప్పవచ్చు.

తరువాత కుటుంబం మాసచూసెట్స్ రాష్ట్రానికి తరలివచ్చింది. పిల్లలందరినీ పోషించడం తల్లికి తలకు మించిన భారమైంది. దాంతో క్లారెన్సును బోస్టన్ రేవులోని థాంప్సన్ దీవిలో వ్యవసాయం, చేతివృత్తులు నేర్పే బడిలో చేర్చారు. చుట్టూ సముద్రం, మధ్యలో బడి. ఆ బడి జీవితం ఆయనకు రుచించలేదు. పదహారేళ్ళకు బయటపడి వెర్మాంట్ రాష్ట్రంలో ఒక పండ్లతోట రైతు వద్ద పనికి కుదిరారు. పని చేసుకుంటూనే చదువు సాగించి వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో ప్రవేశించారు.

ఆటల్లో ఆయన అంత చురుకైనవారు కారు. వేగంగా దూకే శరీరం కాదు. కాని ఎంత దూరమైనా ఒకే తీరుగా పోగల ఓపిక ఉంది. విశ్వవిద్యాలయంలో పొలాల వెంట, గుట్టల వెంట సాగే దూరపు పరుగు జట్టులో చోటు దొరికింది. ఆ సంతోషం ఎంతోకాలం నిలువలేదు. ఇంట్లో డబ్బుకు కటకట వచ్చింది. పట్టా చేతికి రాకముందే చదువు మానుకుని బోస్టన్ దగ్గర అచ్చాఫీసులో పనికి చేరారు.

తొలి విజయం - తొలి హెచ్చరిక

1910లో ఆయన మొదటిసారి బోస్టన్ మారథాన్లో పాల్గొన్నారు. కెనడాకు చెందిన ఫ్రెడ్ కామెరాన్ ప్రథముడు కాగా డిమార్ ద్వితీయస్థానంలో నిలిచారు. కొత్తగా వచ్చిన కంపోజిటర్ కుర్రవాడు రెండవ స్థానం పొందడం చూసి పందెం తెలిసినవారు ఆశ్చర్యపోయారు. మరుసటి సంవత్సరం గెలుపు ఆయనదే అనుకున్నారు.

1911 ఏప్రిల్లో పందానికి ముందు పరుగుకు వచ్చినవారందరినీ వైద్యులు పరీక్షించారు. డిమార్ రొమ్ముపై స్టెతస్కోపు పెట్టి విన్న వైద్యునికి గుండె చప్పుడులో తేడా వినిపించింది. గుండెలో గురగుర శబ్దం ఉన్నదని, అలసట అనిపిస్తే పరుగు మధ్యలోనే మానుకోవాలని, ఇకముందు ఇటువంటి పందాలు పెట్టుకోవద్దని ఆ వైద్యుడు హెచ్చరించారు.

ఆనాడు వైద్యులకు ఉన్న సాధనం చెవి ఒక్కటే. గుండె విద్యుత్తును గీతలుగా గీసే యంత్రం అప్పటికి కొత్తగా వచ్చింది. అది ప్రయోగశాలలు దాటి సామాన్యునికి అందలేదు. దూరపు పరుగు గుండెను పెంచి, అరగదీసి, మనిషిని ముందే చంపుతుందని చదువుకున్నవారు కూడా నమ్మేవారు. కనుక ఆ వైద్యుడు చెప్పినదాన్ని తప్పుపట్టవలసిన పనిలేదు. ఆయనకు తెలిసినంతలో మంచే చెప్పారు.

ఆ మాట చెవిలో పెట్టుకునే డిమార్ పరుగు ప్రారంభించారు. అలసట వచ్చి ఉంటుంది. కాని ఆగలేదు. 2 గంటల 21 నిమిషాల 39 సెకండ్లలో గమ్యం చేరి మొదటి స్థానం గెలుచుకున్నారు. అంతవరకు ఆ పందెంలో అంత తక్కువ సమయంలో ఎవరూ పరుగు పూర్తి చేయలేదు. అప్పటికి ఆయన వయస్సు 22 సంవత్సరాలు. అప్పట్లో బోస్టన్ పందెం దూరం ఇప్పటికంటె తక్కువ, సుమారు 39 కిలోమీటర్లు మాత్రమేనని ఇక్కడ చెప్పుకోవాలి.

1912లో స్టాక్ హోం ఒలింపిక్సుకు అమెరికా ఆయనను పంపింది. మండుటెండలో జరిగిన ఆ మారథాన్లో ఆయనకు దక్కింది 12వ స్థానం. ఆ పరుగులోనే పోర్చుగల్ దేశపు క్రీడాకారుడు ఫ్రాన్సిస్కో లజారో కుప్పకూలి మరణించాడు. దూరపు పరుగు ప్రాణం తీస్తుందన్న భయానికి ఆ వార్త మరింత బలం చేకూర్చింది.

చేజారిన సంవత్సరాలు

ఆ తరువాత బోస్టన్ మారథాన్లో డిమార్ కనిపించలేదు. వైద్యుని మాట ఒక కారణం. చదువు మీద మళ్ళిన ధ్యాస మరొక కారణం. పేరు కోసం పరుగెత్తడం దైవభక్తి గల మనిషికి తగునా అన్న సందేహం కూడా ఆయనను పట్టుకుంది. ఆయన బాప్టిస్టు క్రైస్తవులు. ఆదివారం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పేవారు, బాలురకు స్కౌటు శిక్షణ ఇచ్చేవారు. పగలు అచ్చాఫీసు, సాయంత్రం చదువు. ఆ విధంగా రోజులు గడిచాయి.

1917లో ఒకసారి తిరిగి వచ్చి మూడవ స్థానం పొందారు. అంతలో మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా దిగింది. ఆయన సైన్యంలో చేరవలసి వచ్చింది. పరుగు మళ్ళీ వెనక్కి పోయింది.

దూరపు పరుగువానికి 22 నుంచి 33 ఏళ్ళ మధ్య కాలం పంట చేతికొచ్చే కాలం వంటిది. ఆ పదకొండేళ్ళలో డిమార్ బోస్టన్లో ఒక్కసారి కూడా గెలవలేదు. ఆ కాలమంతా ఆయన నిలకడగా పరుగెత్తి ఉంటే ఎన్ని విజయాలు వచ్చేవో ఎవరు చెప్పగలరు? గుండె జబ్బు ఉన్నదన్న మాట ఒకసారి చెవిన పడితే మనిషి మెట్లెక్కేటప్పుడు కూడా దాన్నే తలుచుకుంటాడు. అది ఇప్పటికీ ఇంటింటా చూస్తున్న సంగతే.

మళ్ళీ బరిలోకి

1922లో డిమార్ తిరిగి బోస్టన్ పందానికి వచ్చారు. వయస్సు 33. ఆయన పని అయిపోయిందనుకున్న జనం నోళ్ళు మూయించే విధంగా 2 గంటల 18 నిమిషాల 10 సెకండ్లలో పరుగు పూర్తి చేసి పదకొండేళ్ళ నాటి తన సమయాన్నే తాను మెరుగుపరచుకున్నారు. 1923లో మళ్ళీ గెలిచారు. 1924లో పందెం దూరాన్ని పెంచి, మొదలయ్యే చోటును హాప్కింటన్ అనే ఊరికి మార్చారు. దూరం పెరిగినా ఫలితం మారలేదు. వరుసగా మూడవ ఏడాది కూడా విజేత డిమారే.

ఆ ఏడాది పారిస్ ఒలింపిక్సులో మారథాన్ పరుగెత్తి కంచు పతకం తెచ్చారు. ఫిన్లాండు దేశపు ఆల్బిన్ స్టెన్రూస్ మొదటివాడు, ఇటలీకి చెందిన రొమియో బెర్టిని రెండవవాడు. అప్పటికి డిమార్ వయస్సు 36 ఏళ్ళు. ఆ వయస్సులో చాలామంది పతకాలను గోడకు తగిలించి కథలు చెప్పుకుంటారు.

1925లో రెండవ స్థానం, 1926లో మూడవ స్థానం. ఇక వయస్సు మీదపడిందని అనుకుంటున్న తరుణంలో 1927లో మండే ఎండలో మళ్ళీ గెలిచారు. 1928లో మళ్ళీ గెలిచారు. 1928లోనే ఆమ్ స్టర్ డాం ఒలింపిక్సుకు వెళ్ళి 27వ స్థానంతో తిరిగి వచ్చారు. 1930లో ఏడవసారి బోస్టన్ విజేత అయ్యారు. అప్పటికి ఆయనకు 41 సంవత్సరాలు నిండాయి. ఆ పందెం పుట్టిన తరువాత అంత వయస్సులో గెలిచినవారు మరొకరు లేరు. చక్రాల కుర్చీల విభాగాన్ని మినహాయిస్తే ఏడు విజయాల రికార్డును కూడా ఇంతవరకు ఎవరూ అందుకోలేదు. నాలుగుసార్లు గెలిచినవారు ఉన్నారు గాని అంతకు మించినవారు లేరు. ఆయన ఇంటిపేరును, మారథాన్ మాటను కలిపి పత్రికలవారు ఆయనను మిస్టర్ డిమారథాన్ అని పిలవసాగారు.

ముక్కుసూటి మనిషి

డిమార్ మెత్తని స్వభావం గలవారు కారు. ముక్కుసూటి మనిషి. శిక్షకులు ఇలా పరుగెత్తు, అలా తిను అని చెబితే ఆయనకు గిట్టేది కాదు. స్టాక్ హోంలో తన ఇష్టప్రకారం అభ్యాసం చేసుకోనివ్వలేదని ఆయనకు చిరకాలం మనసులో ఉండిపోయింది. పరుగెత్తుతుండగా జనం మీదపడడం, భుజం తట్టడం, అడగకుండా నీళ్ళు కుమ్మరించడం ఆయన సహించేవారు కారు. మర్యాద మీరినవారిపై చెయ్యి చేసుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. పందెం వెంట కార్లు, సైకిళ్ళు పోటెత్తి పరుగువారికి దారి లేకుండా చేసే రోజులవి. ఎంత అభిమానమైనా అడ్డం వస్తే అడ్డమే కదా.

గెలిచినందుకు దక్కేవి పతకాలు, కప్పులు, తలపై ఆకుల కిరీటం. ఔత్సాహిక క్రీడాకారులు డబ్బు పుచ్చుకోరాదన్నది అప్పటి నియమం. బోస్టన్ మారథాన్లో విజేతకు నగదు బహుమతి ఇవ్వడం 1986లో గాని మొదలు కాలేదు. అందువల్ల డిమార్ ఎన్నిసార్లు గెలిచినా అచ్చాఫీసు పని మానలేదు. పందెం ముగిశాక మళ్ళీ అవే కేసులు, అవే అక్షరాలు. తరువాత న్యూహాంప్ షైర్ రాష్ట్రంలో కీన్ పట్టణపు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో అచ్చుపని బోధించే ఉద్యోగం వచ్చింది. చదువు మధ్యలో మానుకున్న మనిషి ఇతరులకు చదువు చెప్పే స్థానానికి చేరారు. పెళ్ళి చేసుకున్నారు, పిల్లలు కలిగారు. బోస్టన్ దగ్గర రీడింగ్ పట్టణంలో స్థిరపడి సేద్యం కూడా చేశారు. 1937లో మారథాన్ పేరుతో తన జీవితకథను పుస్తకంగా రాసుకున్నారు.

ప్రయోగశాలలో పరుగు

1927లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో అలసట గురించి పరిశోధించే ప్రయోగశాల ఒకటి ఏర్పడింది. ఒకే రకం పని చేసినా ఒకరు త్వరగా అలసిపోవడం, మరొకరు అలసిపోకపోవడం ఎందువల్ల అన్నది వారి ప్రశ్న. డేవిడ్ బ్రూస్ డిల్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు డిమార్ ను పిలిపించి కదిలే పట్టామీద పరుగెత్తించారు. మనిషి కష్టపడి పరుగెత్తినప్పుడు కండరాలలో లాక్టిక్ ఆమ్లం పుట్టి రక్తంలో చేరుతుంది. అందరి రక్తంలో పెరిగినంతగా అది డిమార్ రక్తంలో పెరగలేదు. మామూలు మనిషి రొప్పే వేగం ఆయన శరీరానికి తేలికపాటి పనిగా ఉన్నదన్నమాట. గుండె బలహీనమని వైద్యుడు భయపెట్టిన మనిషి రక్తాన్నే శాస్త్రజ్ఞులు పనిగట్టుకుని పరీక్షించవలసి రావడం విశేషం.

గెలుపులు ఆగినా పరుగు ఆగలేదు. యాభై దాటినా, అరవై దాటినా ఏప్రిల్ వచ్చిందంటే ఆయన హాప్కింటన్ చేరేవారు. తనకంటె సగం వయస్సువారి వెనుక వెనుకగా పరుగెత్తి వచ్చేవారు. 1954లో 65 ఏళ్ళ వయస్సులో చివరిసారిగా బోస్టన్ మారథాన్ పూర్తి చేశారు. ఆ తరువాత క్యాన్సర్ వ్యాధి పట్టుకుంది. వ్యాధితోనే 1957లో 15 కిలోమీటర్ల పందెం ఒకటి పరుగెత్తారు. 1958 జూన్ 11న తన 70వ ఏట కన్నుమూశారు.

గుండె చెప్పిన సాక్ష్యం

ఆయన మరణించాక గుండెను పరీక్షించే అవకాశం వైద్యులకు లభించింది. ఈ పని చేసినవారిలో పాల్ డడ్లీ వైట్ ఒకరు. 1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్ హోవర్ కు గుండెపోటు వచ్చినప్పుడు చికిత్స చేసిన ప్రఖ్యాత వైద్యుడాయన. జేమ్స్ కరెన్స్ అనే మరో వైద్యునితో కలిసి ఆయన తమ పరిశీలనలను 1961లో వైద్య పత్రికలో ప్రచురించారు.

యాభై ఏళ్ళు పరుగెత్తినా డిమార్ గుండె అరిగిపోలేదు. కవాటాలు, కండరాలు మామూలుగానే ఉన్నాయి. గుండెకు రక్తం అందించే ధమనులు మాత్రం మామూలు మనిషి ధమనులకు రెండు మూడు రెట్లు వెడల్పుగా ఉన్నాయి. వయస్సుతోపాటు ధమనుల గోడలకు పట్టే కొవ్వు ఆయనకూ కొంత పట్టింది. కాని దారి వెడల్పుగా ఉన్నందువల్ల రక్తప్రవాహానికి అడ్డంకి కలగలేదు. ఇరుకు సందులో బండి ఆగితే రాకపోకలన్నీ ఆగిపోతాయి, వెడల్పు రోడ్డు మీద అదే బండి ఓ పక్కకు ఉండిపోతుంది. మదీనా చౌరస్తాలో సాయంత్రం వేళ ఇరుక్కున్నవారికి ఈ తేడా బాగా తెలుసు.

పరుగు గుండెను చంపుతుందన్న పాత భయాన్ని సడలించిన పరిశీలనలలో ఇది ఒకటిగా నిలిచింది. అయితే ఆ ధమనులు పుట్టుకతోనే వెడల్పా, పరుగు వల్ల అయ్యాయా అన్నది ఒక్క మనిషి గుండెను చూసి తేల్చే సంగతి కాదు. ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నవారు డిమార్ కథ విని వైద్యుని మాట పెడచెవిన పెట్టడం కూడా ప్రమాదమే. ఇప్పుడు వైద్యునికి చెవి ఒక్కటే సాధనం కాదు. గుండెలో శబ్దం వినిపిస్తే అది హాని చేసేదా, చేయనిదా అని యంత్రాలతో చూసి చెప్పగల రోజులివి. పరీక్ష చేయించుకున్నవారు భయంతోనో భరోసాతోనో కాక, తెలిసి నడుచుకోవచ్చు. 1911లో డిమార్ కు ఆ అవకాశం లేదు. తెలియకనే పదకొండేళ్ళు పోయాయి.

ఆయన బోధించిన కీన్ పట్టణంలో 1978 నుంచి ఆయన పేరిట మారథాన్ జరుపుతున్నారు. ఛత్తాబజార్లో సీసం అక్షరాల కాలం పోయి కంప్యూటర్లు, ఆఫ్ సెట్ మిషన్లు వచ్చాయి. కేసుల ముందు నిలబడి అక్షరాలు ఏరినవారిలో చాలామంది ఇప్పుడు వయసు మళ్ళినవారు. రోజంతా నిలబడి పనిచేసినవాడికి ఇక పరుగెక్కడిది అని వారిని ఎవరైనా అడిగితే, చేతిలో ఉతికిన చొక్కా పట్టుకుని అచ్చాఫీసుకు పరుగెత్తిన తమ తోటి పనివాడొకడు ఉండేవాడని వారు గర్వంగా చెప్పుకోవచ్చు.